యాప్‌లో శుక్రవారం పడిన స్లాబ్

హైదరాబాద్ పడమటి శివారులో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీలో సైట్ ఇంజనీర్‌గా చేస్తున్న 31 ఏళ్ల పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ వివరాలు వద్దన్నారు. సారాంశం ఇది.

నిన్న మొన్నటి వరకు వాళ్ల సైట్‌లో హాజరు మస్టర్ పుస్తకంలో, మిగతాదంతా వాట్సాప్ గ్రూపులో నడిచేది. తర్వాత ఎండీ గారు ఒక మొబైల్ యాప్ తెచ్చారు. కూలీల హాజరు ముఖం ఫొటోతో, అదీ సైట్ జీపీఎస్ హద్దు లోపలే పడాలి. రోజువారీ పని నివేదిక, మెటీరియల్ ఇండెంట్ (కావాల్సిన సరుకు కోరే చీటీ), స్లాబ్‌కి ముందు చెక్‌లిస్ట్, క్యూబ్ టెస్టులు (పోసిన కాంక్రీటుతోనే దిమ్మలు చేసి, కొన్ని రోజులకు పగలగొట్టి బలం చూడటం) అన్నీ అందులోనే. ఆఫీసులో పెద్ద టీవీ మీద షెడ్యూల్ ప్రకారం నడిచే పని పచ్చగా, వెనకబడింది ఎర్రగా కనిపిస్తుంది.

సెల్లార్‌లో సిగ్నల్ లేదు. మొదటి నెలలోనే రాడ్ బెండింగ్ వాళ్లలో ఇద్దరికి ఆబ్సెంట్ పడి కూలి కోత పడింది. గుంపు మేస్త్రీది నారాయణపేట వైపు. ఈ పాఠకుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్రాయింగ్‌లో దొరకని పనంతా దగ్గరుండి నేర్పిన మనిషి, ఇతను ‘అన్నా’ అని పిలిచే మనిషి. ఆయన వచ్చి, ‘‘సారూ, మా పోరగాళ్ల కూలి ఫోను చెప్తదా, నువ్వు చెప్తవా?’’ అని అడిగాడట. అప్పటినుంచి ఇతను సాయంత్రం కూర్చుని మేస్త్రీ చెప్పిన లెక్కను తన లాగిన్‌తో చేత్తో ఎక్కించేస్తున్నాడు. అందులో ఇద్దరు పనిలో లేరని ఇతనికి తెలుసు. ఒకరు గుంపుకి వంట చేసే ఆవిడ, ఇంకొకరు ఊరికి వెళ్లి ఇంకా తిరిగి రాని మేస్త్రీ బావమరిది.

పని నివేదికదీ అదే దారి. ఎరుపు కనబడితే రాత్రి ఫోను. ‘రేపు ఎలాగూ అయిపోతుంది కదా’ అని రేపటి పనిని ఇవాళే పూర్తయినట్టు రాయడం అలవాటైంది. ఆరో అంతస్తు స్లాబ్ శుక్రవారం పడాలి. రాడ్ చెకింగ్ అయింది, రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) బుక్ అయింది, ఇతను ‘పూర్తి’ నొక్కేశాడు. ఆ రాత్రి వాన. తర్వాత పంపు చెడింది. స్లాబ్ నిజంగా పడింది సోమవారం. యాప్ మాత్రం శుక్రవారం నుంచే లెక్క కట్టింది. దాని జాబితా చూసి కొత్తగా చేరిన క్వాలిటీ కుర్రాడు ‘ఏడో రోజు’ క్యూబ్‌లు పగలగొట్టాడు. బలం తక్కువ వచ్చింది. రెడీమిక్స్ ప్లాంటుకి ఘాటుగా ఉత్తరం వెళ్లింది. సెంట్రింగ్ (కొత్త స్లాబ్‌ని కింద నుంచి మోసే పలకలు, జాకీలు) కాంట్రాక్టర్ ఫోనుకి ‘విప్పడానికి గడువు వచ్చింది’ అని మెసేజ్ రాబోతోంది.

‘‘రాత్రి పది దాటినా ఫోనులో ఎంట్రీలు కొడుతూనే ఉంటాను. ఇంట్లో ఉండి కూడా నువ్వు సైట్‌లోనే ఉంటున్నావని నా భార్య అంటోంది. నిజం చెబితే ఉద్యోగం పోతుందా? మేస్త్రీ అన్నకు ద్రోహం చేసినట్టవుతుందా? ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ ఉంది. నోరు మూసుకుని వెళ్లిపోవడమే మేలా?’’ అని అడిగారు.

సమాధానం

మీ ఉత్తరం చదివిన రోజే మీకు విడిగా ఒక ముక్క రాశాను: మిగతావి తర్వాత, ముందు ఆరో అంతస్తు కింద జాకీలు ఎవరూ ముట్టుకోకుండా చూడండి అని. ఆపించానని జవాబిచ్చారు. కాబట్టి ఇప్పుడు నిదానంగా మాట్లాడుకోవచ్చు.

‘నేను యాప్‌లో అబద్ధాలు రాస్తున్నాను’ అని మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టారు. నేనలా కట్టను. వంటావిడ హాజరు ఒక రకం, రేపటి ప్లాస్టరింగ్‌ని ఇవాళే రాయడం ఇంకో రకం, స్లాబ్ తేదీ మరో రకం. వంటావిడ విషయంలో కంపెనీ డబ్బు కొంచెం పోతోంది. ప్లాస్టరింగ్ విషయంలో మీ పేరు పోతుంది. స్లాబ్ తేదీ తప్పితే మనుషులు పోతారు. మీ మనసులో మాత్రం మేస్త్రీ అన్న విషయమే ముందుంది, ఎందుకంటే రోజూ ఆయన ముఖం చూడాలి. చేయాల్సిన వరుస అది కాదు.

స్లాబ్ తేదీ సంగతి మీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం స్పాన్ (ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం) 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబ్ కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. 6 మీటర్లు దాటిన బీము కింద 21 రోజులు. అదీ మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి (ఓపీసీ), వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడు. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపిన కాంక్రీటైతే ఇంకా ఆగమని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ అనవచ్చు. మీ యాప్‌లో ఉన్నదీ ఈ లెక్కే. లెక్క సరైనదే, మొదలుపెట్టిన రోజే తప్పు. సెంట్రింగ్ కాంట్రాక్టర్‌కి ఆ జాకీలు ఏడో అంతస్తులో అవసరం, వాటి మీద రోజు అద్దె పడుతోంది. ఫోనులో గడువు వచ్చిందని చూపిస్తే అతను విప్పేస్తాడు, అందులో అతని తప్పు లేదు. మీరు నోటితో ఆపారు, మంచిదే. కానీ మీకు జ్వరం వచ్చి ఒక రోజు సెలవు పెడితే? ఆ రోజు సైట్‌లో మాట్లాడేది ఫోనొక్కటే.

క్యూబ్‌ల సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నాకు అక్కడే ఎక్కువ బాధ కలిగింది. సోమవారం పోసిన క్యూబ్‌ని శుక్రవారం నుంచి లెక్కేసి ఏడో రోజున పగలగొడితే, నిజానికి దాని వయసు 4 రోజులు. 4 రోజుల కాంక్రీటు 7 రోజుల బలం ఎలా చూపిస్తుంది? ఏ పాపం ఎరగని ప్లాంటు వాళ్లు సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. ఆ కొత్త కుర్రాడు తన చేతిలో ఏదో లోపం ఉందని భయపడుతూ ఉండవచ్చు. ఒక ఊరట ఉంది: కాంక్రీటు పాసా ఫెయిలా తేల్చేది 28 రోజుల క్యూబ్‌లే, 7 రోజులవి ముందస్తు సూచన మాత్రమే. 28 రోజుల సెట్ ఇంకా నీళ్లలోనే ఉంది. దాన్ని కూడా మూడు రోజుల ముందే తీసి పగలగొట్టకుండా ఇప్పుడైతే ఆపవచ్చు.

మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది, ఎవరికీ చెప్పకుండా యాప్‌లో తేదీ దిద్దేయడం. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో చరిత్ర ఉంటుంది. చెప్పకుండా మార్చింది తర్వాత బయటపడితే, తొందరపాటు కాస్తా దాచిపెట్టడం అవుతుంది. రెండోది, యాప్‌ని అలాగే వదిలి జాకీలు అసలు తేదీ దాకా ఆపడం. ఈ స్లాబ్‌కి ప్రమాదం తప్పుతుంది గానీ ప్లాంటు మీద నింద, క్యూబ్‌ల తేదీ, రికార్డు అన్నీ తప్పుగానే మిగులుతాయి. రేపు ఏదైనా పగులు కనబడితే కన్సల్టెంట్ ఆ తప్పుడు తేదీ చూసే సలహా ఇస్తారు. మూడోది, నేరుగా ఎండీ గారి దగ్గరికి వెళ్లడం. మీ ప్రాజెక్ట్ మేనేజర్ చెప్పినా వినని మనిషైతే తప్ప అది చివరి దారి, ఎందుకంటే తనను దాటిపోయారన్న కోపం అసలు విషయాన్ని మింగేస్తుంది. నాలుగోది, మేనేజర్‌కి ఎదురుగా కూర్చుని చెప్పి, అదే పూట మెయిల్ పెట్టడం. నేను మొగ్గేది దీనికే.

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ‘‘ఆరో అంతస్తు స్లాబ్ ఫలానా శుక్రవారం పూర్తయినట్టు యాప్‌లో నేను నమోదు చేశాను. కాంక్రీటు వాస్తవంగా పడింది ఫలానా సోమవారం. రెడీమిక్స్ చలాన్లు జత చేశాను. సెంట్రింగ్ విప్పే తేదీ, క్యూబ్ టెస్టు తేదీలు దీని ప్రకారం మార్చాలి. 7 రోజుల ఫలితాన్ని పక్కన పెట్టి, ప్లాంటుకి పంపిన ఉత్తరం వెనక్కి తీసుకోవాలి.’’ ఇంతే. ఎందుకు అలా చేశారో మెయిల్‌లో వద్దు, అది ఎదురుగా చెప్పండి. ఇది కన్సల్టెంట్‌కి కూడా వెళ్లాలని అడగండి.

ఆ తేదీ దాచాలన్నా దాగదని కూడా గుర్తుపెట్టుకోండి. మిక్సర్ లారీలో కాంక్రీటు నింపిన 2 గంటల్లో దించెయ్యాలన్న నియమం ఉంది గనక ప్రతి చలాన్ మీదా నింపిన టైమ్ ఉంటుంది. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో లారీ నంబర్లు ఉన్నాయి. పంపు అద్దె బిల్లు ఉంది. ప్లాంటు వాళ్లు తమ మీద పడ్డ నింద తుడుచుకోవడానికి ఈ కాగితాలు తెస్తే, మీరు చెప్పకముందే వాళ్లే చెబుతారు.

ఉద్యోగం పోతుందా అంటే, మెమో రావచ్చు, ఇంక్రిమెంట్ ఆగవచ్చు. పోదని హామీ ఇవ్వలేను. కానీ మీరే ముందుకొచ్చి, ప్రమాదం జరగకముందు, కాగితాలతో సహా చెప్పిన తప్పు వేరు, ప్రమాదం జరిగాక విచారణలో మీ లాగిన్ పేరుతో దొరికిన తప్పు వేరు. రెండో సందర్భంలో ఉద్యోగంతో ఆగదు, పోలీసు కేసు అవుతుంది.

ఇక ఆ పచ్చరంగు. మీ ఎండీ గారి మీద నాకు మీకున్నంత కోపం లేదు. ఆయన ఆ టీవీ పెట్టుకున్నది సైట్‌కి రాకుండానే పని తెలియాలని. అయితే ఎరుపు కనబడగానే అరిచే చోట ఎవరూ ఎరుపు చూపించరు. ఈ ముక్క ఆయనకు చెప్పడం కష్టం. ఆయనకు పనికొచ్చే మాటగా చెబితే వింటారు. ప్రభుత్వ పనుల్లో హిండ్రెన్స్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది: పని ఏ రోజున, దేనివల్ల ఆగిందో రాస్తారు. వాన, డ్రాయింగ్ రాకపోవడం, స్టీలు లోడు ఆలస్యం. గడువు పొడిగింపు అడిగేటప్పుడు కాంట్రాక్టర్‌కి అదే ఆధారం. మీ యాప్‌లో ప్రతి ఎరుపు పక్కనా ‘కారణం’ అని ఒక గడి పెట్టించి అదే పని చేయించవచ్చు. ఇప్పుడు మీరు చేస్తున్నదాని ఫలితం ఏమిటో చూడండి: శుక్రవారం రాత్రి వాన పడింది, పంపు చెడింది, అవి మీ చేతిలోవి కావు. కానీ రికార్డులో వానా లేదు, పంపూ లేదు. ఏడాది చివర ప్రాజెక్టు నెలలు వెనకబడితే, రోజూ పచ్చగా రాసిన మీ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంకొక సంగతి. స్లాబ్ పూర్తి అన్న మాట ఆ టీవీ దగ్గరే ఆగదు. కొన్నవాళ్లకు ‘ఫలానా స్లాబ్ అయింది, ఇంత కట్టండి’ అని డిమాండ్ లెటర్ వెళ్లేది దాన్నిబట్టే. బ్యాంకు లోన్ విడత వదిలేది దాన్నిబట్టే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో బిల్డర్ మూడు నెలలకోసారి ఇవ్వాల్సిన ప్రగతి వివరాలూ దాన్నిబట్టే. ఈసారి తేడా మూడు రోజులే. అలవాటు ముదిరితే జీతంలోంచి ఈఎంఐ కట్టుకునే ఎవరో పడని స్లాబ్‌కి వడ్డీ కడతారు. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఇది తప్పక చెప్పండి.

మేస్త్రీ అన్న సంగతికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇలాంటి యాప్‌లు కొనేవాళ్లు చూడనిది ఇక్కడే ఉంది.

ఆయన యాప్‌ని ఎందుకు వద్దంటున్నాడో ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? దొంగ హాజరు కోసమే అని మీ ఆఫీసు అనుకుంటుంది. నేను అలా అనుకోవడం లేదు. గుంపు మేస్త్రీ ఊళ్లోనే ఒక్కొక్కరికి అడ్వాన్స్ ఇచ్చి మనుషుల్ని తెస్తాడు. వారం వారం ఖర్చీ (చేతి ఖర్చుల డబ్బు) ఆయనే ఇస్తాడు. కంపెనీ బిల్లు ఆలస్యమైతే అప్పు చేసి ఇస్తాడు. తన మనుషుల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కంపెనీ చేతికి వెళ్తే, రేపు కంపెనీయే వాళ్లను నేరుగా పెట్టుకుని తనను పక్కకు నెట్టేస్తుందేమో, ఇచ్చిన అడ్వాన్స్ గంగలో కలుస్తుందేమో అన్నది ఆయన భయం. అది ఊహ కాదు, జరిగే పనే. ‘అలా చేయం’ అని కంపెనీ ఒప్పందంలో రాసిస్తే సగం గొడవ తగ్గుతుంది. రాయనంటే ఆయన భయం నిజమేనని తేలిపోతుంది, అప్పుడు మీరు ఆయనను ఏ మొహంతో ఒప్పిస్తారు?

వంటావిడ విషయం నాకు దొంగ లెక్కలా అనిపించలేదు. తెల్లవారుజామున లేచి అంతమందికి అన్నం, కూర, మధ్యాహ్నం సద్ది సిద్ధం చేసే మనిషి పని చేయడం లేదని ఎవరు అనగలరు? కంపెనీ రేటులో ఆ పనికి గడి లేదు, అందుకని మేస్త్రీ ఆమెను రాడ్ బెండింగ్ హాజరులో దూర్చాడు. దానికి గడి పెట్టించండి. లేబర్ క్యాంపు వంట అని ఒప్పందంలో ఒక లైను, ఇంత రేటు. మేనేజర్ ఒప్పుకోకపోతే గుంపు రేటులోనే కొంత కలపమనవచ్చు. బావమరిది సంగతి వేరు, అది ఆపాల్సిందే. అది మాత్రం మీరూ ఆయనా ఎదురెదురుగా తేల్చుకోండి, ఆఫీసుకి చెప్పే ముందే: ‘‘అన్నా, సోమవారం నుంచి సైట్‌లో లేని మనిషి పేరు నేను కొట్టను. కోసిన కూలి మాత్రం ఇప్పించే పూచీ నాది.’’ ఆయన అలుగుతాడు. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. స్లాబ్ ముందు గుంపుని తీసుకెళ్లిపోతానని బెదిరించవచ్చు కూడా. అందుకే ముందు ఆ ఇద్దరు రాడ్ బెండింగ్ వాళ్ల కోత కూలి ఇప్పించి, తర్వాత ఈ మాట ఎత్తండి. వరుస తప్పితే మాట చెల్లదు.

పాత హాజరు లెక్కల గురించి మీరు అడగలేదు, అయినా అడగాల్సిన ప్రశ్నే. బావమరిది పేరున వెళ్లిన డబ్బుని మేనేజర్‌కి చెప్పి రాబోయే బిల్లులో సర్దుబాటు చేయించవచ్చు. చెప్పకుండా ఇక ముందు మాత్రమే సరిచేసుకోవచ్చు కూడా, కానీ స్లాబ్ విషయం బయటికొచ్చాక మీ లాగిన్‌లో ప్రతి ఎంట్రీనీ తిరగేస్తారు. రెండూ ఒకేసారి చెప్పడం మంచిదని నా అభిప్రాయం. అన్న పరువు పోకుండా చెప్పడం మీ చేతిలో ఉంది: లెక్క కొట్టింది మీరు, ఆయన కాదు.

ఇక యాప్‌లోని అసలు లోపం. సెల్లార్‌లో సిగ్నల్ లేని చోట, సిమెంటు దుమ్ము నిండిన ముఖానికి, హెల్మెట్ కింద, ఫోను ముందు నిలబడితేనే హాజరు అంటే అది నడవదు. ఉపాధి హామీ పనుల్లో ఇదే చూశాం. 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేక పనిచేసినవాళ్లు కూలి పోగొట్టుకున్న చోట్లున్నాయి. ఇంకోవైపు, పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. కష్టపడినవాడికి అడ్డం పడి, మోసం చేసేవాడికి దారి వదిలిన హాజరు అది. మీ సైట్‌లో హాజరు సెల్లార్‌లో కాకుండా గేటు దగ్గర, ఉదయం పనికి ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ మీటింగ్ అప్పుడే, ఒకే ఫోనుతో సూపర్‌వైజర్ తీస్తే చాలు. సిగ్నల్ లేకున్నా ఫోనులో దాచుకుని తర్వాత పంపే సౌకర్యం ఉందేమో యాప్ కంపెనీ వాళ్లను అడగండి. ఒక నెల పాటు మస్టర్ పుస్తకం కూడా పక్కనే నడపండి, తేడా వస్తే ఆ రోజే పుస్తకం చూసి దిద్దండి. యాప్ ఆబ్సెంట్ అన్నంత మాత్రాన కూలి కోయకూడదని, మేస్త్రీ ఎదుట సరిచూశాకే కోత అని రాయించుకోండి.

అప్పుడు మేస్త్రీకి చెప్పడానికి మీ దగ్గర ఒక మంచి మాట ఉంటుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు కావాలంటే వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఇలాంటి పని చేసి ఉండాలి. ప్రతి పెద్ద నిర్మాణం నుంచీ వ్యయంలో ఒక శాతం సెస్ వసూలయ్యేది ఈ కార్మికుల కోసమే. సైట్లు మారుతూ తిరిగే మనిషికి ఆ 90 రోజులు చూపించుకోవడమే కష్టం. పని చేసిన రోజుల లెక్కను నెలనెలా యాప్ నుంచి తీసి, కంపెనీ ముద్ర వేసి, తెలుగులో ఒక్కో మనిషి చేతికి ఇస్తే, ఆ ఫోను కూలీ మీద నిఘాగా కాక కూలీ తరఫు సాక్షిగా మారుతుంది. ఈ ఒక్క కాగితం ఇప్పించగలిగితే, గుంపులో కుర్రాళ్లే గేటు దగ్గర ఫొటోకి నిలబడతారని నా నమ్మకం.

రాత్రి పది దాటాక ఎంట్రీల గురించి. అది మీ ఓపికకు సంబంధించింది కాదు. రోజంతా చూసింది రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే ఎవరైనా ఊహించే రాస్తారు, రేపటిది ఇవాళ రాయడం కూడా అక్కడే మొదలవుతుంది. స్లాబ్ దగ్గర నిలబడే ఫొటో తీసి, అక్కడే తెలుగులో ఒక వాయిస్ నోట్ పెట్టండి, ఆరు లోపు ముగించండి. ఫారంలో ఉన్న గళ్లలో ఆఫీసులో ఎవరూ చూడనివి ఏవో మేనేజర్‌తో కూర్చుని తీసేయించండి. సూపర్‌వైజర్‌కి హాజరు, స్టోర్ వాళ్లకు మెటీరియల్ ఎంట్రీ అప్పగించండి, అన్నీ మీ లాగిన్‌లోంచి పోవడం వాళ్లకూ మీకూ మంచిది కాదు. ఇంట్లో ఆవిడతో ఈ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పారో లేదో రాయలేదు. ఉద్యోగం మీదికి రాగల విషయం కాబట్టి, మేనేజర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు ఆమెకు చెప్పండి.

చివరికి ఆ ఆఫర్. వెళ్లడం తప్పు కాదు. కొత్త చోటా ఇలాంటి యాపే ఉంటుంది, ఇలాంటి ఎరుపే ఉంటుంది, అది తెలిసి వెళ్లండి. చెప్పకుండా వెళ్లిపోతే ఆరో అంతస్తు తేదీ మీ పేరు మీదే ఆ సైట్‌లో ఉండిపోతుంది, మీ తర్వాత వచ్చే ఇంజనీర్ దాన్ని నమ్మి సెంట్రింగ్ విప్పిస్తాడు. అందుకని రాజీనామా ఇచ్చినా ఇవ్వకపోయినా మెయిల్ మాత్రం ముందు వెళ్లాలి, దానికి రాతపూర్వకంగా జవాబు రావాలి. వెళ్లేటట్టయితే హ్యాండోవర్ నోట్‌లో స్లాబ్ అసలు తేదీ, 28 రోజుల క్యూబ్‌లు తీయాల్సిన తేదీ, ఆ ఇద్దరు రాడ్ బెండింగ్ వాళ్లకు రావాల్సిన కూలి, వంటావిడ లైను ఎంతవరకు వచ్చిందో నాలుగూ రాసి, మేనేజర్ సంతకం తీసుకుని, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.